ఎనిమిది నుంచి ఐదు దాకా వర్జ్యం

ప్రొద్దుటూరు మగ్గాల వీధి మొదట్లో ఉండే గురురాజారావు పంతులుకు పొలం లేదు, పుట్రా లేదు. ఉన్నదల్లా ఆయన చెప్పిన ఘడియ మీద జనానికి ఉన్న నమ్మకం. పెళ్ళికీ పేరంటానికీ సరే, బర్రెను కొనడానికీ, కోర్టు మెట్లు ఎక్కడానికీ, అలిగిపోయిన కోడల్ని తెచ్చుకోవడానికీ ఆయన్నే అడిగేవాళ్ళు. ఒకాయన పన్ను పీకించుకోవడానికి కూడా ముహూర్తం పెట్టించుకున్నాడు. పంతులు పెట్టిన ఘడియకు ఆ పన్నుతో పాటు పక్క పన్ను కూడా ఊడింది. అయినా ఆయన "ఘడియ మంచిది కాబట్టి రెండుతో పోయింది" అని సంతోషపడ్డాడే గాని పంతుల్ని పల్లెత్తు మాట అనలేదు. నమ్మకం అంటే అట్లా ఉండాలి.

అంత నమ్మకం ఉన్న మనిషి, ఆంధ్రరాష్ట్రం వచ్చిన కొత్తలో, మునిసిపాలిటీ ఎలక్షన్ల ముందురోజు సాయంత్రం, కట్టుకున్న పెళ్ళానికి ఒక అబద్ధం చెప్పాడు. చిన్నదే. ఇంట్లో ఇద్దరి మధ్య చెప్పుకోదగ్గంత చిన్నది.

చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, ఆ వార్డులో ఇద్దరు నిలబడ్డారు. ఒకరు నూలు వ్యాపారి ఓబులయ్య, గొడుగు గుర్తు. నామినేషన్ వేసిన రోజు నుంచి ఆయన చంకలో గొడుగు దిగలేదు. అన్నం తినేటప్పుడు కూడా విప్పి పక్కన పెట్టుకుంటాడని చెప్పుకునేవాళ్ళు. రెండో ఆయన రిటైరైన శ్రీపతి మాస్టరు, లాంతరు గుర్తు. ఆడపిల్లలకు వేరే హైస్కూలు పెట్టిస్తానని మాస్టరు అన్నాడు. "ఆడపిల్లకు ఎనిమిదో క్లాసు శానా ఎక్కువ" అని ఓబులయ్య అన్నాడు. అంతే, ఊరు రెండుగా చీలింది. కాఫీ హోటళ్ళలో కాఫీ చల్లారిపోయేది గాని ఆ వాదన చల్లారేది కాదు.

పంతులు కూతురు భారతి ఆ ఏడు ఎనిమిదో క్లాసే. మగపిల్లల హైస్కూలుకు పంపేది లేదని పంతులు అనుకున్నాడు. చదువు మానిపించేది లేదని ఆయన భార్య కమల అనుకుంది. పంతులు చేసే పూజల్లో సగం ఓబులయ్య చేయించేవే. అందుకని ఓబులయ్య వచ్చి "సామీ, మీ ఇంట్లో రెండు ఓట్లు" అనగానే, "రెండూ మీవే" అని పంతులు మాట ఇచ్చేశాడు.

"నా ఓటు లాంతరుకు," అంది కమల, ఎసట్లో బియ్యం పోస్తూ.

"నేను మాట ఇచ్చేసినానే!"

"మీ ఓటుకు మీరు మాట ఇచ్చుకోండి. నా ఓటు ఇచ్చేదానికి మీరెవరు?"

"మొగుడూ పెళ్ళాలు చెరోదానికీ వేస్తే ఊళ్ళో ఏమనుకుంటారు?"

"పెట్టె దగ్గర పరదా కట్టేది ఊరు చూడకుండా ఉండేదానికే గదండీ."

"నీ ఓటు నా ఓటును కొట్టేస్తుంది. ఇద్దరమూ పోయినా పోనట్టే."

"అయితే మీరు పోవద్దు. ఎండన పడి తిరిగేది ఎందుకు?"

వాదనలో పెళ్ళాన్ని గెలిచిన చరిత్ర గురురాజారావుకు లేదు. కాబట్టి తనకు చేతనైన విద్యనే నమ్ముకున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని పంచాంగం తెరిచాడు. వేళ్ళు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. "అబ్బబ్బబ్బ!" అని నాలుక కరుచుకున్నాడు.

"ఏమైందండీ?"

"రేపు ఆడవాళ్ళు గడప దాటేదానికి ఘడియే లేదే. వర్జ్యం, దాని తోక పట్టుకోని దుర్ముహూర్తం, ఆ వెనక రాహుకాలం, యమగండం. ఇవి చాలవని ఉత్తరానికి వారశూల. ఓట్లేసే స్కూలు మనకు ఉత్తరమే గదా."

"ఎప్పటి నుంచి ఎప్పటి దాకా?"

"పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా."

కమల గరిటె పక్కన పెట్టింది. "ఓట్లేసేది గూడా ఎనిమిది నుంచి ఐదు దాకానే."

"అట్లనా?" అన్నాడు పంతులు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు.

"వర్జ్యం గూడా ఆఫీసు టైము చూసుకోని వస్తాండాదా?"

"గ్రహాలతో ఎగతాళి వద్దు కమలా."

"మరి మగవాళ్ళకు?"

"మగవాళ్ళకు దివ్యంగా ఉంది."

"మధ్యాహ్నం అన్నానికి గూడా విడవలేదే మమ్మల్ని," అని కమల కాసేపు ఆలోచించి, "సరేలెండి. మీ మాట ఎప్పుడన్నా కాదన్నానా?" అంది.

కాదనని రోజు ఒక్కటైనా ఉందేమోనని గురురాజారావు గుర్తు తెచ్చుకోబోయాడు. దొరకలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. కానీ గెలిచిన సంతోషంలో ఉన్నాడు. రెండు ముద్దలు ఎక్కువే తిని పడుకున్నాడు.

ఆ గెలుపులో ఆయన ఒక మాట చెప్పడం మరిచిపోయాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని చెప్పలేదు.

తెల్లవారి పంతులు స్నానం, సంధ్య ముగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. పది గంటలకు పోయి దర్జాగా ఓటు వేసి రావాలని ఆయన ఆలోచన. ఎందుకో వీధి మరీ నిమ్మళంగా ఉంది. ప్రతి గడప లోపలా ఒక ఆడమనిషి నిలబడి ఉంది గాని ఒక్కరూ కాలు బయట పెట్టడం లేదు. ఎలక్షన్ రోజు కదా, మర్యాదగా ఉన్నారనుకున్నాడు.

ఎనిమిది కావడానికి కాసేపు ఉందనగా ఎదురింటి నుంచి గురమ్మ పరుగున వచ్చి పంతులు గడప లోపల దూకింది. గురమ్మకు మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. కొడుకునూ కోడలినీ పెట్టుకుని మగ్గం నడుపుతోంది.

"సామీ! ఈరోజు తొమ్మిదికి మా కొత్త మగ్గానికి ముహూర్తం పెట్టింది నువ్వే గదా?"

నెల కిందట పెట్టిన ముహూర్తం అది. నిన్న అబద్ధం ఆడే తొందరలో దాని ఊసే గుర్తు రాలేదు.

"నేనే," అన్నాడు మెల్లగా.

"ఎనిమిది నుంచి ఐదు దాకా మంచిది కాదన్నదీ నువ్వేనంట గదా?"

"ఎవరు చెప్పినారు?"

"కొళాయికాడ మీ కమలమ్మే చెప్పె. వీధి వీధంతా తెలుసు. ఇప్పుడు నేను మగ్గం మొదలు పెట్టాల్నా, వద్దా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. కమల వింటోందన్నమాట. పంతులు ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నాడు.

"మగ్గం యాడుంది గురమ్మా?"

"ఇంట్లో."

"దాని మీద కూర్చునే మీ కోడలు యాడుంది?"

"ఇంట్లోనే."

"ఇంగేం మరి? ఈ వర్జ్యం గడప బయటిదే. ఇంట్లోకి రాదు."

"ఇంట్లోకి రాని వర్జ్యాన్ని ఇప్పుడే ఇంటాండా," అంది గురమ్మ. కానీ చెప్పింది పంతులు కాబట్టి నమ్మింది. ఎనిమిది కొట్టకముందే రోడ్డు దాటి ఇంట్లో పడింది.

గురురాజారావు వెళ్ళి మగ్గానికి పసుపు కుంకుమలు పెట్టి పూజ చేసి మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. పూజ చేస్తున్నంతసేపూ ఆయనకు ఒకటే గుబులు. తను ఆపాలనుకున్నది ఒక్క ఆడమనిషిని. ఆగిపోయింది వీధిలోని ఆడవాళ్ళంతా. వాళ్ళెవరి ఓటర్లు?

ఆ సంగతి ఇంటి ముందే తెలిసింది. పక్కింటి కమాల్ బాషా జట్కా ఖాళీగా నిలబడి ఉంది. ఓబులయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు, గొడుగు విప్పుకుని. ఎదురిళ్ళ గడపల్లో ఆడవాళ్ళంతా చెవులు ఇటే పెట్టి నిలబడి ఉన్నారు.

"ఏం సామీ, నా కొంప ముంచినావే!" అన్నాడు ఓబులయ్య. "ఆడోళ్ళ పెట్టెలకాడ ఈగ గూడా వాలలేదు. ఆఫీసరు బల్ల మీద తల పెట్టి నిద్రపోతాండాడు. మగోళ్ళలో సగం మంది ఆ మాస్టరు దగ్గర దెబ్బలు తిని చదువుకున్నోళ్ళు, వాళ్ళు నాకు వెయ్యరు. ఈ వీధి ఆడోళ్ళ ఓట్లే నాకు ప్రాణం. నూలిచ్చే మనిషినని నాకే ఏస్తారని జట్కా పెట్టి పంపిస్తే ఒక్కరూ ఎక్కలేదు."

"నా పెళ్ళామే నా జట్కా ఎక్కల్యా సామీ," అన్నాడు కమాల్ బాషా దిగులుగా.

పక్కింటి గడపలోంచి ఆయన పెళ్ళాం ఖాతూన్‌బీ గట్టిగా అంది: "ఎట్ల ఎక్కాల? మా పిల్ల నిఖాకు మంచిరోజు చెప్పింది సామి. ఆయన వద్దంటే నేను కాలు పెట్టను."

ఓబులయ్య గొడుగు మూసి నేలకు పొడిచాడు. "ఎవరు పెట్టినారు సామీ ఈ వర్జ్యం?"

"నేను పెట్టేదేంది? గ్రహాలు పెట్టినాయి."

"గ్రహాలకు నేనేం ద్రోహం చేసినా? తీసెయ్ దాన్ని."

"తీసేసేదానికి అదేమన్నా టోపీనా ఓబులయ్యా?"

"అట్లయితే పొరపాటు చూసినానని చెప్పు. అందరికీ ఇనపడేటట్టు చెప్పు!"

గురురాజారావు నోరు తెరిచాడు. అంతలో ఖాతూన్‌బీ అడిగింది. "పొరపాటయితే, మా పిల్ల నిఖాకు చెప్పిన రోజు గూడా పొరపాటేనా సామీ?"

ఆ ప్రశ్న గడప నుంచి గడపకు పాకింది. "మా గృహప్రవేశం?" అంది ఒకామె. "మా బర్రె అందుకేనేమో ఎండిపాయె," అంది ఇంకొకామె. "తొమ్మిదికి మగ్గం పూజ చేయించుకుంటి గదా, నా గతేంగావాల?" అని గురమ్మ అందరికంటే గట్టిగా అరిచింది. గురురాజారావుకు తను ఇన్నేళ్ళుగా పెట్టిన ముహూర్తాలన్నీ వరసగా వచ్చి ఎదురుగా నిలబడి నిజం చెప్పమంటున్నట్టు అనిపించింది. ఒప్పుకుంటే రేపటి నుంచి ఆయన మాటకు విలువ లేదు, పొయ్యిలో నిప్పు లేదు. ఒప్పుకోకపోతే ఓబులయ్య ఊరుకోడు. ఆయన పంచాంగం తెరిచాడు. ఒక్క అక్షరం కనిపించలేదు. కళ్ళద్దాలు పెట్టుకోలేదని కూడా ఆయనకు తెలియలేదు.

అప్పుడు లోపలి నుంచి కమల గొంతు వినిపించింది. అంత తియ్యగా ఆ గొంతు పెళ్ళయిన ఏడు మాత్రమే విన్నాడు.

"ఏమండీ, రాత్రి దానికి విరుగుడు గూడా చెప్పినారే! మరిచిపోయినారా?"

"విరుగుడా?" అన్నాడు ఓబులయ్య.

"విరుగుడా?" అన్నాడు పంతులు కూడా, ఆపుకోలేక.

కమల గడప లోపలే నిలబడి చెప్పింది. "దంపతులు జంటగా పోతే దోషం లేదంట. మగడు ముందు నడవాల, ఆడది వెనక నడవాల. నడిచేది కాలినడకనే, బండి పనికిరాదు. ముందు నడిచే మగవాడు దారిలో వెనక్కి తిరిగి చూడకూడదు, మాట్లాడకూడదు. అంతే గదండీ?"

మునిగిపోతున్న మనిషికి ఒడ్డు ఎవరిది అని అడిగే తీరిక ఉండదు. "అంతే! అంతే! శాస్త్రంలో స్పష్టంగా ఉంది," అన్నాడు గురురాజారావు.

"చెప్పినాయన ఇంటి నుంచే మొదలు కావాల," అంది కమల. అప్పటికే మంచి చీర కట్టుకుని సిద్ధంగా ఉంది.

ఓబులయ్య మొహం వికసించింది. మొగుళ్ళను వెతకడానికి మనుషుల్ని పంపాడు. మగ్గాల గుంటల్లోంచి కొందరిని, హోటల్లోంచి కొందరిని, పేకాట మధ్యలోంచి కొందరిని పట్టుకొచ్చారు. కాసేపటికి మగ్గాల వీధిలో ఎవరూ కని విని ఎరగని ఊరేగింపు బయలుదేరింది. ముందు పంతులు. వెనక మొగుళ్ళు, మెడలు బిగించుకుని, తిన్నగా ముందుకు చూస్తూ. వాళ్ళ వెనక ఆడవాళ్ళంతా ఒక గుంపుగా, నడుమ కమల.

వెనక నుంచి మాటలు వినిపిస్తున్నాయి.

"ఏమ్మా, ఆడపిల్లకు ఎనిమిది చాలంటాండాడే ఆయప్ప, ఆయప్ప మనవరాలు మద్రాసులో చదువుతాందంట గదా?"

"మనకు తూకం రాళ్ళ మీద నంబరు చదవను రాదు. ఆయప్ప ఎంతంటే అంతే నూలు."

"మా పిల్లకు చదువొస్తే ముందు ఆ తక్కెడ కాడ నిలబెడతా."

గురురాజారావుకు వెనక్కి తిరిగి నోరు మూయించాలని ఉంది. తిరగకూడదు. మాట్లాడకూడదు. కనీసం దగ్గాడు.

"ఏమండీ, దగ్గొచ్చినా తిరక్కండి," అంది కమల.

స్కూలు దగ్గర మొగుళ్ళంతా మగవాళ్ళ వైపు బారు తీరారు. ఆ బారు గేటు దాకా వచ్చింది. కొంచెం పలచబడ్డాక వేద్దామని పంతులు వీధికి తిరిగొచ్చేసరికి గురమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

"సామీ, మొగుళ్ళుండేవాళ్ళకు సరే. లేనోళ్ళ సంగతేంది?"

గురురాజారావు కమల వైపు చూశాడు. ఓటు వేసి వచ్చిన కమల, చూపుడువేలి మీది సిరా ఊదుకుంటూ చెప్పింది. "వాళ్ళకు సామే ముందు నడవాల. నలుగురికీ మంచి ఘడియ చెప్పే మనిషి గదా."

మొగుడు పోయినవాళ్ళు, మొగుడు ఊళ్ళో లేనివాళ్ళు, మొగుడు ఉండీ లేనట్టున్నవాళ్ళు ఆ వీధిలో ఎందరున్నారో గురురాజారావుకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. ఒక్కొక్కరిని తీసుకుపోవడం, మళ్ళీ రావడం. కాళ్ళు బొబ్బలెక్కాయి. ప్రతిసారీ "ఈ ఒక్కరినీ దించి నా ఓటు వేసేస్తా" అనుకోవడం, ఇంకొకరు గడపలో సిద్ధంగా ఉండటం.

గురమ్మను తీసుకుపోతుంటే వెనక నుంచి ఆమె నవ్వుతోంది.

"ఏం గురమ్మా?" అన్నాడు, మాట్లాడకూడదని మరిచిపోయి.

"ఏం లేదు సామీ. ఇన్నేండ్లూ నేను ఎదురొస్తే ఇంట్లోకి తిరిగిపోయి కాళ్ళు కడుక్కోని, కూసోని మళ్ళా బయల్దేరుతాంటివి. ఈపొద్దు నాకోసం నా ముందర నడుస్తాండావు. నీ గ్రహాలకు బుద్ధొచ్చింది."

గురురాజారావుకు సిగ్గేసింది. మొహం మీది వేడి ఎండ వల్లే అనుకోవడానికి లేదు, అప్పుడు వాళ్ళు వేపచెట్టు నీడలో ఉన్నారు. నిజమే, ఎన్నిసార్లు తిరిగిపోయాడు! తిరిగిపోయి ఏం బాగుపడ్డాడు? మిగిలిన దారంతా ఆయన మాట్లాడలేదు. శాస్త్రం కోసం కాదు.

చివరికి ఒక ముసలామెను దించి మగవాళ్ళ వైపు పరుగెత్తేసరికి ప్యూను గేటు మూస్తున్నాడు.

"ఒక్క నిమిషం నాయనా! నా ఓటు!"

"ఐదయిపాయె సామీ. ఐదు దాకా మంచిది కాదని మీరే చెప్పినారంట గదా. ఇప్పుడు మంచి ఘడియ వచ్చింది, మూసేస్తాండాం."

గురురాజారావు ఉత్తరీయం భుజం మీద వేసుకుని ఇంటి దారి పట్టాడు. వీధిలో ప్రతివాడూ వేలెత్తి సిరా చూపిస్తున్నాడు. గెలుపు తనదేనన్న ధైర్యంతో ఓబులయ్య పంతులు అరుగు మీదే కూర్చుని, వచ్చిన వాళ్ళ వేళ్ళన్నీ చూసి మెచ్చుకుంటున్నాడు. పంతులు ఎడమచేతిని ఉత్తరీయంలో దాచుకున్నాడు. రెండు ఓట్లకు మాట ఇచ్చిన మనిషి, తన ఓటే వేయలేదని తెలిస్తే?

"ఏమండీ, ఒకసారి లోపలికి రాండి," అంది కమల.

లోపలికి పోగానే ఆయన చెయ్యి పట్టుకుని, కాటుకభరిణె తెరిచి, చూపుడువేలి మీద ఒక చుక్క పెట్టింది. కాసేపు తల వంచి చూసి, గోటి దాకా కొంచెం సాగదీసింది. గురురాజారావు చంటిపిల్లాడిలా చెయ్యి చాచి నిలబడ్డాడు.

"ఇంక పోండి. తుడుచుకోకండి."

బయటికి పోయి వేలు చూపించాడు. "రెండూ పడినాయి గదా సామీ?" అన్నాడు ఓబులయ్య.

"మా ఇంటి ఓటు పడాల్సిన చోటనే పడింది," అన్నాడు గురురాజారావు. ఆ రోజంతటిలో ఆయన ఆడిన నిజం అదొక్కటే.

మరునాడు పెట్టెలు విప్పారు. లాంతరు గెలిచింది. ఆడవాళ్ళ పెట్టెల్లో గొడుగుకు కాగితాలు అక్కడొకటి ఇక్కడొకటి కనిపించాయట. మెళ్ళో దండ తీయకముందే శ్రీపతి మాస్టరు వీధికి వచ్చి, హైస్కూలు సంగతి మొదటి మీటింగులోనే పెడతానని చెప్పిపోయాడు.

గురురాజారావు తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్నాడు. ఓబులయ్య వస్తాడని తెలుసు. వచ్చాడు. గొడుగు లేకుండా వచ్చాడు. గొడుగు లేని ఓబులయ్యను చూసి పంతులు మొదట గుర్తు పట్టలేదు.

"సామీ," అన్నాడు ఓబులయ్య, అరుగు మీద కూలబడి. "నీ ఘడియలో తప్పు లేదు. జనమంతా వచ్చి ఏసిరి గదా. నా జాతకంలోనే ఏదో ఉంది. ఒకసారి చూడు."

గురురాజారావుకు మాట దక్కింది, పొయ్యి దక్కింది. "శని," అన్నాడు దయగా. "ఏం చేస్తాం ఓబులయ్యా, శని." దానికి శాంతి కూడా చెప్పి పంపించాడు.

ఓబులయ్య పోయాక లోపల భారతి గొంతు వినిపించింది. తొమ్మిదో క్లాసు పుస్తకాలు ఎవరి దగ్గర పాతవి దొరుకుతాయని తల్లిని అడుగుతోంది. ఆ పిల్లకు చిన్నప్పుడు తిథులు వేళ్ళ మీద లెక్కపెట్టడం నేర్పింది తనే. మానేయమని ఆ పిల్ల మొహం చూస్తూ చెప్పాల్సిన రోజు ఇక రాదు. ఆ మాట ఎట్లా చెప్పాలా అని ఏడాదిగా బెంగపెట్టుకున్నాడని గురురాజారావుకు ఇప్పుడే తెలిసింది. ఓడిపోయిన పార్టీ వాడికి ఇంత తేలిగ్గా ఉండటం న్యాయమేనా అని కూడా అనుకున్నాడు. అయినా ఉంది.

వేలి మీది కాటుక ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని చూసుకుంటూ వంటింటి గడపలో నిలబడ్డాడు.

"కమలా, నిజం చెప్పు. కొళాయికాడ కావాలనే చెప్పినావా?"

కమల కిటికీలోంచి ఎండ ఎంత దూరం వచ్చిందో చూసింది. వేళ్ళు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది.

"అబ్బబ్బబ్బ! ఇప్పుడు చెప్పకూడదండీ. వర్జ్యం."

"ఎప్పటి దాకా?"

"ఐదు దాకా."

గురురాజారావు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఎదురింట్లో గురమ్మ కొత్త మగ్గం టకటకమంటోంది. ఐదయింది. ఆయన మళ్ళీ అడగలేదు.